నూలు దుప్పటి

అత్తగారు ఆయాసపడుతూ మేడెక్కి వచ్చేసరికి కోడలు తాను ఉతికిచ్చే లాడ్జీ దుప్పట్లు తాడు మీంచి తీసి మడతలు పెడుతోంది. చంటిది బట్టల బుట్టలో కూర్చుని క్లిప్పులు నోట్లో పెట్టుకుంటోంది.

"విన్నావా? మీ గొడుగు మామయ్యని తీసేశారట. రేపు శుక్రవారమే ఆఖరు."

మడత సగంలో ఆగిపోయింది.

గొడుగు మామయ్యంటే ఆ ఊళ్ళో తెలియని పిల్లలు లేరు. పద్దెనిమిదేళ్ళుగా సాయంత్రం ఆరూ యాభైకి ఊరి టీవీలో వాన కబురు చెప్పేది ఆయనే. చివర్లో పాత నల్ల గొడుగు తెరిచాడంటే రేపు వాన. మూసి చంకలో పెట్టుకున్నాడంటే ఎండ.

ఈ మేడకీ ఆయనకీ ఒక లంకె ఉంది. నాలుగేళ్ళ కిందట ఆయన ఎండన్న రోజున వాన కురిసి అరవై దుప్పట్లు ముద్దయిపోతే, కోడలు ఫోన్ చేసి చడామడా దులిపేసింది. మర్నాడు ఆయనే మెట్లెక్కి వచ్చాడు. "పైనుంచి వచ్చే మ్యాపులో మన ఊరు ఆవగింజంత చుక్క తల్లీ. ఆ చుక్కలో గాలి తడిగా ఉందో పొడిగా ఉందో మ్యాపుకేం తెలుసు? నీ తాడుకి తెలుస్తుంది" అన్నాడు. అప్పట్నుంచీ రోజూ మధ్యాహ్నం ఫోన్. "అమ్మాయ్, ఎనిమిదింటికి వేసినవి ఎప్పటికి ఆరాయి?" పదకొండు, పదకొండున్నరైతే గాలి పొడి. ఒంటిగంట దాటిందా, గొడుగు తెరవాల్సిందే.

"ఎందుకు తీసేశారంట అత్తయ్యా?"

"ఎందుకేంటి! మొన్న శనివారం గొడుగు మూసి చూపించాడా? ఆదివారం బడి ఆటల పోటీల్లో పిల్లలూ పంతుళ్ళూ తడిసిన కోళ్ళయ్యారు."

కోడలి చేతిలోని దుప్పటి నున్నగా జారింది. లాడ్జీ వాళ్ళు పాత నూలువి పక్కన పెట్టి, కొత్త పాలిస్టర్ దుప్పట్లు పంపింది ఆ శనివారమే. అవి నాలుగుసార్లు దులిపితే ఆరిపోయే రకం. "తొమ్మిదిన్నరకే ఆరిపోయాయి బాబాయ్" అని సంబరంగా చెప్పింది తనే. ఏ బట్టో ఆయన అడగలేదు. తనకి చెప్పాలని తోచలేదు.

"అత్తయ్యా, ఆయన ఉద్యోగం ఊడగొట్టింది నేనే."

"అబ్బో! దుప్పట్లతో టీవీ స్టేషన్నే కూల్చావా? నోరు మూసుకుని ఊరుకో. కోరి నెత్తి మీదకి తెచ్చుకుంటావా?"

కోడలికి మామూలుగానే ప్రతిదానికీ భయం. చంటిది తుమ్మితే భయం, తలుపు చప్పుడైతే భయం. ఇవాళ మాత్రం భయపడుతూనే పాతబట్టల బుట్ట అడుగున వెతికింది. లాడ్జీ వాళ్ళు వదిలేసిన నూలు దుప్పట్లు అప్పటికే చింపి పిల్లకి గుడ్డలు చేసేసింది. ఒక్కటే మిగిలింది.

శుక్రవారం పొద్దున్నే చంటిదాన్ని చంకనేసుకుని, ఆ నూలుదీ ఒక పాలిస్టర్‌దీ తడిపి బకెట్లో పెట్టుకుని, కుర్చీల దుకాణం పైనున్న స్టేషన్ మెట్లెక్కింది. ఎవర్నీ అడక్కుండా బాల్కనీ కమ్మీ మీద రెండూ పరిచింది.

మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. "ఇక్కడ బట్టలారేయకూడదమ్మా!"

"ఆరేయడానికి కాదు సార్, చూపించడానికి." పదింటిదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. పాలిస్టర్‌ది ఆరిపోయి గాలికి రెపరెపలాడింది. నూలుది ఇంకా బరువుగా వేలాడుతోంది. "చూశారా? తప్పు నాది. ఆయన్ని తీసెయ్యకండి."

మేనేజర్ తల గోక్కున్నాడు. "నెల కిందటే ఖాయమైందమ్మా. ఇకమీదట హెడ్డాఫీసులో కూర్చుని ఒకావిడ పది ఊళ్ళకీ ఒకేసారి చెప్తుంది. ఆ వాన పడకపోయినా ఇంతే."

ఆమెకి ప్రాణం కుదుటపడింది. ఆ వెనకే ఒళ్ళు మండింది. "మరి తప్పు చెప్పి పోగొట్టుకున్నాడని ఊరంతా అంటుంటే మీరు మాట్లాడరేం?"

మేనేజర్ దుప్పట్లు తియ్యబోయాడు.

వెనక నుంచి గొడుగు మామయ్య వచ్చి, రెండు దుప్పట్లూ వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "నాలుగేళ్ళుగా ఎప్పుడారిందని అడిగానే గానీ ఏది ఆరిందని అడిగానా! సిగ్గుండాలి నాకు." నూలుదాని అంచు పిండితే చెప్పు మీద నీళ్ళు కారాయి. "ఇవాళ హెడ్డాఫీసు కాగితం ఏమంటోంది?"

"రేపు ఎండ. అదే చదవండి, ఆఖరి రోజు గొడవెందుకు" అన్నాడు మేనేజర్.

"బాబాయ్," అందామె, "ఉద్యోగం పోతే పోయింది. మాట పోనివ్వకండి."

ఆ సాయంత్రం ఆరూ యాభైకి ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆదివారం తప్పు నాది. అడగాల్సింది అడగలేదు. రేపటికి ఎండని రాసిచ్చారు. కానీ పొద్దున వేసిన నూలు దుప్పటి రెండు దాటినా ఆరలేదు." గొడుగు తెరిచి అలాగే నిలబడ్డాడు.

"మొండి మనిషి" అంది అత్తగారు ఇంట్లో టీవీ ముందు, కళ్ళు తుడుచుకుంటూ.

శనివారం మూడింటికి కుండపోత. ఊరంతా గొడుగులే.

సోమవారం నుంచి టీవీలో కొత్తావిడ. ఇక్కడ కోడలు మాత్రం ఎనిమిదింటికి తాడు చివర నూలు దుప్పటి విడిగా ఆరేసి, పాత చెక్కకి నల్లరంగు పూసి వీధి గేటుకి కట్టింది. మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది.

"పదకొండుంపావుకి ఆరింది బాబాయ్. ఏం రాయమంటారు?"

గొడుగు మామయ్య ముందు ఒక్కటే అడిగాడు: "నూలుదేనా?"

"నూలుదే."

"అయితే మూసిన గొడుగు వెయ్యి. చదవడం రానివాళ్ళకి కూడా తెలుస్తుంది. సాయంత్రం నేనొచ్చి సరిచూస్తా. రేపట్నుంచి రోజూ వస్తా."

సుద్దముక్కతో తంటాలు పడి గీసింది. అత్తగారు నడుం మీద చేతులేసుకుని చూసింది. "గొడుగా అది? గబ్బిలంలా ఉంది."

తాపీమేస్త్రీ ఒకడు సైకిలాపి, ఒక కాలు నేల మీద ఆనించి, ఆ గబ్బిలాన్ని నిదానంగా చూశాడు. "అమ్మా, రేపు స్లాబు పని పెట్టుకోవచ్చా?"

"పెట్టుకో" అంది కోడలు. "గొడుగు మామయ్య చెప్పాడు."