పైపులో ఉన్నది మైనం కాదు

మా ఇంట్లో పైపు మాట ఎత్తకూడదు. ఆ చట్టం నేనే చేశాను. మావాడు ముడిచమురు పైపులైను పంపింగ్ స్టేషన్లో ఇన్‌చార్జి. కోడలు అదే కంపెనీ ల్యాబులో కెమిస్టు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ భోజనాల దగ్గర చమురు గురించి వాదించుకునేవాళ్లు. ప్రతిసారీ కోడలే నెగ్గేది. నా కొడుకు నా వంట తింటూ నా కళ్లముందే ఓడిపోవడం నాకు నచ్చలేదు. అందుకని ఆఫీసు గొడవలు గుమ్మం బయటే వదిలి రమ్మన్నాను. పైకి మాత్రం కూర చల్లారిపోతోందని చెప్పాను.

ముడిచమురంటే నీళ్లలా పారుతుందని అనుకునేదాన్ని. కాదట. అందులో మైనం ఉంటుంది. చల్లబడితే అది గిన్నెకు నెయ్యి పేరుకున్నట్టు పైపు లోపలి గోడకు పట్టేస్తుంది. దాన్ని వదిలించడంలో మావాడు చెయ్యి తిరిగినవాడు. వేడి చేస్తాడు, తేలిక నూనె ఎక్కిస్తాడు, గోకుతాడు, మొత్తానికి వదిలిస్తాడు. స్టేషన్లో వాణ్ణి మైనం డాక్టరు అంటారు. ఆ సంగతి నాకు వారానికోసారైనా వాడే చెబుతాడు. అది నా చట్టం కిందికి రాదు.

ఈమధ్య కొత్త బావి చమురు కలిసిన దగ్గర్నుంచి పైపు మళ్లీ పూడుకుపోసాగింది. పెద్దాఫీసు నుంచి మనుషులు వచ్చి కూర్చున్నారు. వాళ్లందరి ముందూ మావాడు, ఇది మైనమే, లైను నిండా తేలిక నూనె ఎక్కిస్తే కరిగి కొట్టుకుపోతుందని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఎక్కించమని ఆర్డరు కూడా వేశాడు. ఇదంతా నాకు పక్కింటావిడ చెప్పింది. వాళ్లాయనదీ ఆ స్టేషన్లోనే ఉద్యోగం. వాళ్లింట్లో చట్టాల్లేవు.

ఆ సాయంత్రం కోడలు ఆలస్యంగా వచ్చింది. కంచం ముందు కూర్చుంది గానీ ముద్ద దిగడం లేదు.

"ఏమండీ, ఒక్క మాట" అంది.

"పైపు మాటా?" అన్నాడు మావాడు తలెత్తకుండా.

"అవును."

"ఇంట్లో ఆ మాటలు వద్దని అమ్మ చెప్పింది కదా. రేపు ఆఫీసులో చూద్దాంలే."

నా చట్టాన్ని వాడు అంత భక్తిగా పాటించడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. చిన్నప్పుడు కూడా తప్పు చేసిన రోజునే వాడు బుద్ధిగా ఉండేవాడు.

"రేపటికి నూనె ఎక్కేస్తుంది" అంది కోడలు. వాడు ఇంకాస్త కూర వడ్డించుకున్నాడు. ఆ పిల్ల కంచం పక్కకు జరిపి నావైపు తిరిగింది.

"సరే, ఆయనకి చెప్పను. మీకు చెప్తాను అత్తయ్యా, వినండి."

చట్టం వాళ్లిద్దరికే గానీ నాకు కాదు. చెప్పమన్నాను.

"పైపులోంచి తీసిన ముక్కని ఇవాళ వేడి చేశాను. మైనమైతే కరగాలి. ఇది కరగలేదు. ఇది తారు లాంటిది. చమురులో కలిసి ఉన్నంతసేపు పర్వాలేదు. తేలిక నూనె తగిలిందంటే విడిపోయి, ముద్దలు కట్టి దిగిపోతుంది."

"పాలల్లో నిమ్మకాయ పిండినట్టా?"

"అచ్చం అంతే. ఇక పైపు కోసి తియ్యాల్సిందే. ఆయన ఉద్యోగం ఉండదు."

"అమ్మకేం తెలుసని చెప్తున్నావు?" అన్నాడు మావాడు.

"పాలు విరగడం తెలుసురా" అన్నాను.

వాడి మొహం చూశాను. వాడికీ అర్థమైంది. అర్థం కావడం దగ్గర కాదు వాడి ఇబ్బంది.

"అందరి ముందూ మైనమని చెప్పానమ్మా. ఇప్పుడు పెళ్లాం వద్దందని ఆపితే రేపట్నుంచి అక్కడ తలెత్తుకు తిరగ్గలనా?"

తప్పు వాడిదేనని తెలిసినా వాణ్ణి అలా వదిలెయ్యలేకపోయాను. ఇలాంటప్పుడే నా బుర్ర బాగా పనిచేస్తుంది.

"నాకు గుండెనొప్పి వచ్చిందని చెప్పు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నా, నేనొచ్చేదాకా నూనె ముట్టుకోవద్దని చెప్పు. ఈలోగా నీ పెళ్లాం ల్యాబు రిపోర్టేదో తిన్నగా ఆఫీసుకే వస్తుంది. నీ పరువూ పోదు, పైపూ పోదు."

నేను గదిలోకి వెళ్లి, మంచం ఎక్కి మూలగడం మొదలుపెట్టాను. ఫోన్లో వినబడాలని కాస్త గట్టిగానే మూలిగాను.

అవతల గదిలో వాడు ఫోన్ చేశాడు. "పొద్దున నూనె ఎక్కించొద్దు" అన్నాడు. ఎందుకని అడిగినట్టున్నారు. నేను ఇంకో మూలుగు అందించాను.

"అది మైనం కాదు" అన్నాడు వాడు. "నేను చెప్పింది తప్పు. మా ఆవిడ పరీక్ష చేసి చూసింది."

అవతల ఎవరో నవ్వి ఉండాలి.

"సరే, నవ్వుకోండి. నూనె వాల్వు మాత్రం ముట్టుకోకండి" అని పెట్టేశాడు.

తర్వాత కుర్చీ జరిగిన చప్పుడైంది. "మరి దేనికి కరుగుతుందది?" అని అడిగాడు. కోడలు ఏదో చెప్పింది. అది చాలా ఖరీదు, కుదరదన్నాడు వాడు. పైపు కోయడం కంటే చవకేనంది ఆ పిల్ల. నా ఇంట్లో, నా భోజనాల బల్ల దగ్గర ఇద్దరూ గొంతులు పెంచి పైపు గురించి వాదించుకుంటున్నారు. కూర సంగతి ఎవరికీ పట్టలేదు.

వాడు పుట్టిన దగ్గర్నుంచి వాడి ప్రతి తప్పుకీ ఒక సాకు వెతికి చేతికిచ్చింది నేనే. నేనిచ్చింది వాడు పుచ్చుకోకపోవడం ఇదే మొదటిసారి. గర్వంగానే అనిపించింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది. మళ్లీ మూలిగాను, ఈసారి నిజంగానే. ఎవరూ రాలేదు.