మలుపులో మాల్యాద్రి

ఢిల్లీ ఆఫీసులోని పొడవాటి మీటింగు బల్ల హైమ కళ్ళెదుటే సాగి సాగి తారురోడ్డయిపోతోంది, ఆఫీసర్లు మాత్రం ఏమీ ఎరగనట్టు దానికి రెండు వైపులా కూర్చుని టీ తాగుతున్నారు, కిటికీ ఉండాల్సిన చోట తమ ఊరి బయటి సున్నపు బట్టీల మలుపు కనిపిస్తోంది. మలుపు అవతల్నుంచి ఏదో బండి వస్తున్న చప్పుడు. ఏ బండో తెలియదు, ఎంత దూరంలో ఉందో తెలియదు. కాయితాలు గుండెలకి హత్తుకుని, చెప్పుల్లేని కాళ్ళతో హైమ ఆ బల్ల మీదే నడుస్తోంది. తారు చురచుర కాలుతోంది.

ఆ కాయితాలు అల్లాటప్పావేం కావు. దేశం మొత్తానికీ రోడ్డు భద్రత ప్రణాళిక, దేనికెంత డబ్బు పెట్టాలో లెక్కలతో సహా, ఆమె బృందం కిందా మీదా పడి రాసింది. తెల్లారితే ఆఖరి ప్రతి చేతిలో పెట్టాలి, పెడితే నిధులొస్తాయి. మరి సంతోషంగా ఉండాలా వద్దా? హైమ మాత్రం ఆ కాయితాల వంక చూడ్డానికే జంకుతోంది.

"ఏందే హైమా, నడిరోడ్డు మీద ఆ నడకేంది?"

హైమ అన్నయ్య మాల్యాద్రి గొంతు అది. ఈ మలుపులోనే, ఎదురొచ్చిన లారీ కింద పడి చనిపోయాడు, చాలా ఏళ్ళయింది. ఆ సంగతి హైమకి కలలోనూ గుర్తుంది, గుర్తున్నా వింతగా అనిపించడం లేదు, మీటింగుకి అన్న ఆలస్యంగా వచ్చాడే అని చిరాకు మాత్రం వేస్తోంది. అతను రోడ్డు వార దిమ్మె మీద కూర్చుని ఉన్నాడు. మొహం మనిషిది, చొక్కా సిమెంటుది, అదీ ప్యాంటులోకి దోపి ఉంది. బతికుండగా ఏనాడన్నా టక్ చేసుకున్న మొహమేనా నాది, ఆ శిల్పికి ఎవరు చెప్పారు అని సణుగుతున్నాడు.

చెప్పింది హైమే. మొదటి జీతంతో ఈ మలుపులోనే అన్న విగ్రహం పెట్టిస్తానని, అదీ నిలువెత్తుది కావాలని, వానకి తడవకుండా పైన కప్పు, పక్కన గోడ ఉండాలని పట్టుబట్టింది తనే. అమ్మ ఆ రోజు విగ్రహం చెంపలు నిమిరి, చాన్నాళ్ళకి కడుపునిండా అన్నం తిన్నది. దాన్ని ఎవరు మాత్రం తప్పంటారు?

"నువ్వు రాసిందాంట్లో ఒక మాట ఉండాల గదా. యాడ బోయింది?"

హైమ కాయితాలు తిప్పుతోంది. అంబులెన్సులున్నాయి, హెల్మెట్లున్నాయి, వేగానికి అడ్డుకట్టలున్నాయి, మలుపుల్లో చూపుకి అడ్డొచ్చేవన్నీ తీసెయ్యాలన్న చోట మాత్రం కాయితం తెల్లగా ఉంది. డబ్బు మంజూరు చేసే పెద్దాయన నిన్ననే అన్నాడు, చెట్లూ బోర్డులూ అయితే సరే, చచ్చిపోయినవాళ్ళ గుర్తుగా కట్టుకున్నవాటి జోలికెళితే ఊరూరా గొడవలవుతాయి, ఆ ఒక్క ముక్కా తీసెయ్యండి, మిగతాదంతా ఇచ్చేస్తాం అని. అదంతా హైమ అన్నకి చెప్పుకొస్తోంది. ఎంత చెప్పినా మాటలు బయటికి రావడం లేదు, నోట్లో సున్నం కూరినట్టుంది.

"ఆయన అడిగాడు, సరే. నువ్వెందుకు అంత తొందరగా తలూపావు?" అన్నాడు మాల్యాద్రి, అంతా విన్నట్టే.

ఆయన మాట పూర్తి కాకముందే ఊపింది. హమ్మయ్య అనుకుంది కూడా. ఆ ముక్క ఉంటే ముందుగా పడిపోయేవాటిలో అన్న విగ్రహం ఒకటి మరి.

"నిన్ను పడగొట్టించి అమ్మకి ఏ మొహం చూపించమంటావన్నా?" అంటోంది హైమ, ఏడుపొచ్చేస్తోంది.

మాల్యాద్రి దిమ్మె దిగాలని చూస్తున్నాడు, కాళ్ళు రావడం లేదు.

"ఆ రోజు నాకు లారీ కనపళ్ళేదు గదే, ఈడంతా తుమ్మచెట్లు. మీరేం జేశారు? ఆ చెట్లు కొట్టేసి నన్ను నాటారు."

చప్పుడు దగ్గరికొచ్చేస్తోంది. ఆఫీసర్లు కప్పులు కింద పెట్టడం లేదు. అమ్మ, చేతిలో బంతిపూల దండతో, కొంగు నడుముకి దోపుకుని, వెనక్కి చూడకుండా విగ్రహం ముందుకి, రోడ్డు అంచుకి వస్తోంది, హైమ అరుస్తోంది, అమ్మకి వినపడడం లేదు, అన్న రెండు సిమెంటు చేతులూ అడ్డంగా చాచాలని గింజుకుంటున్నాడు, చాచిన కొద్దీ మలుపు ఇంకాస్త మూసుకుపోతోంది.

హైమ ఉలిక్కిపడి లేచింది. తెల్లారింది. ఫోన్‌లో అమ్మ పంపిన ఫోటో, కింద ఆమె గొంతు. ఇవాళ అన్నయ్య తిథి గదా, కొత్తగా రంగులేయించా, దండేసి ఇప్పుడే ఇంటికొచ్చా, ఎట్టుండాడో చూసి చెప్పమంటోంది.

ఫోటోలో అన్న నిగనిగలాడుతున్నాడు. ముందు అమ్మ, రోడ్డు అంచున నిలబడి, నవ్వుతోంది. హైమ చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయింది. లేచి ముందు కంప్యూటరు తెరిచి, తీసేసిన ముక్కని మళ్ళీ దాని చోట పెట్టింది, మీటింగులో ఆ పెద్దాయన ఏమన్నా సరే, ఇంక తలూపకూడదనుకుంది. తర్వాత అమ్మకి ఫోన్ చేసింది.

"ఎట్టుండాడే?" అంది అమ్మ ఫోనెత్తుతూనే.

"బాగున్నాడమ్మా. అన్న భుజం వెనక ఏముందో ఒకసారి చూడు."

అమ్మ కళ్ళజోడు వెతుక్కుని, ఫోన్ దగ్గరికి పట్టుకుని చూసినట్టుంది. అన్న భుజం అంచున లారీ లైటు ఒకటి, సగమే, వెలుగుతూ ఉంది. లారీ మిగతాదంతా అన్న వెనకే ఉండిపోయింది.



"ఆడనే నిలబడుంటి గదమ్మా," అంది అమ్మ మెల్లగా. "నాకు కనపళ్ళేదు."