గాలిసంచి

పెళ్లై నెల తిరగకముందే కొత్త కోడలికి అత్తింట్లో అన్నిటికన్నా ముద్దొచ్చింది పెరటి షెడ్డు. ఒకప్పుడు అందులో విమానం ఉండేదట! ఇప్పుడు నేల మీద నూనె మరకలు, మూలన గడ్డి కోసే మిషను, మేకుకి వేలాడుతూ చిరిగిన గుడ్డ గొట్టం మిగిలాయి. దాన్ని ఇంట్లో గాలిసంచి అంటారు. స్తంభానికి కడితే గాలి ఎటు వీస్తోందో పైలట్‌కి చూపిస్తుంది.

షెడ్డు ముందు నుంచి పొలాల మధ్యకి పొడుగ్గా గడ్డి రన్‌వే. పంటలకు మందు చల్లే పైలట్‌గా ఉన్న రోజుల్లో మామగారు సొంతంగా చదును చేసుకున్నది. విమానం కదిలే ముందు అత్తగారు చెప్పులు విడిచి దాని పొడుగునా నడిచేవారు. మడమతో నొక్కితే నీరు ఊరిందా, ఆ పూట విమానం షెడ్డులోనే. లేదంటే అవతలి చివర నుంచి కేకేసేవారు: "పొడిగానే ఉందండీ!"

ఆవిడ పోయారు. మామగారి చూపు మందగించింది. విమానం అమ్ముడుపోయింది. తర్వాత నీళ్ల పైపుల కోసం రన్‌వే నడుమ అడ్డంగా తవ్వారు. పూడ్చిన మట్టి కుంగి గొయ్యి పడింది, దాని మీద గడ్డి అల్లుకుంది. అలా రన్‌వే మూతపడింది. మామగారు మాత్రం వారం వారం గడ్డి కోస్తూనే ఉన్నారు.

"నాన్నా, రెండు చివర్లా తెల్లటి ఇంటూ గుర్తు పెట్టేద్దాం. మూసేశామని పైనున్నవాళ్లకి తెలియాలిగా," అని కొడుకు పోరు పెట్టేవాడు.

"బతికున్నదాని మొహాన గుడ్డ కప్పమంటావేంట్రా? వానలు తగ్గనీ, ఆ గొయ్యి పూడ్పిస్తా. మళ్లీ దిగుతాయి."

ఎన్ని వానాకాలాలు పోయినా ఆయన మాట అదే.

కోడలు తన నారింజరంగు చున్నీ కత్తిరించి గాలిసంచికి అతుకులేసింది. ఓ పొద్దున ఎవరికీ చెప్పకుండా స్తంభానికి ఎగరేసింది. అది ఉబ్బి పక్కకి తిరగ్గానే చప్పట్లు కొట్టేసింది.

"నా చొక్కాకి గుండీ కుట్టమంటే సూది దొరకదు. దీనికి దొరికిందా?" అన్నాడు భర్త.

"మీ చొక్కా గాల్లో ఎగురుతుందేంటి?"

మామగారు కళ్లు చికిలించి పైకి చూశారు. ఆ ఇంట్లో ఆయన నవ్వగా ఆమె చూడటం అదే మొదలు.

"ప్రాణం పోశావమ్మా దీనికి."

రెండ్రోజుల తర్వాత, మధ్యాహ్నం. బట్టలు ఆరేస్తున్న కోడలికి ఇంజను మోత వినిపించింది. ఎటో పోతున్న చిన్న విమానం ఇంటి మీద ఒక చుట్టు తిరిగి కిందికి వంగింది.

"మామయ్యా! మనింటికి విమానం!" అంటూ తడి తువ్వాలు ఊపింది.

మామగారు మోత వచ్చిన వైపు తల తిప్పారు. తర్వాత నారింజరంగు వైపు. ఆయన మొహం పాలిపోయింది. చెప్పులు జారిపోయినా ఆగకుండా గొయ్యి దగ్గరికి పరుగెత్తి, రెండు చేతులూ తల మీద అడ్డంగా ఊపుతూ నిలబడ్డారు. చక్రాలు గడ్డిని తాకబోతుండగా విమానం గర్జించి పైకి లేచింది. ఆ గాలికి ఆయన గోతిలో పడ్డారు.

కోడలు పరుగున వెళ్లి పట్టుకుని లేపింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి.

"నా వల్లే మామయ్యా. నేను దాన్ని కట్టకుండా ఉండాల్సింది."

"నువ్వు మొన్న కట్టావు. నున్నగా గడ్డి కోసి రా రమ్మని నేను ఏళ్ల నుంచీ పిలుస్తున్నాను." రన్‌వే చివరికేసి తల తిప్పారు. "ఇంట్లో తెల్లవి ఏమున్నాయమ్మా?"

పెళ్లికి వచ్చిన దుప్పట్లు ఇంకా మడత విప్పలేదు. ఆదివారం పరుద్దామని దాచుకుంది. తెచ్చి ఇచ్చింది. భర్త మేకులు కొట్టాడు. ఈ చివర రెండు, ఆ చివర రెండు, ఇంటూ గుర్తులా ఒకదాని మీద ఒకటి పరిచారు. కోడలు గాలిసంచి దించి మడతపెట్టింది.

మామగారు ఇంట్లోకి రాలేదు. ఉత్తి కాళ్లతో రన్‌వే మీద మెల్లగా నడుచుకుంటూ, అడుగడుక్కీ మడమ నొక్కుతూ చివరి దాకా వెళ్లారు. తెల్ల గుడ్డ అంచున ఆగారు.

"పొడిగానే ఉందోయ్," అన్నారు.