వీపున మోసిన అంజూరం

పొద్దున్నే కిటికీలోంచి చూస్తే పెరట్లో ఎవరో నిలబడి ఉన్నట్టనిపించింది సిగ్నీకి. ఒళ్లంతా పాత తివాచీలు చుట్టుకుని, పైన టార్పాలిన్ కప్పుకుని, నెత్తిన ప్లాస్టిక్ బకెట్ బోర్లించుకుని ఉన్నాడా మనిషి. ఇంతలో ఇంటి యజమాని నున్సియో నిచ్చెన ఈడ్చుకుంటూ వచ్చి, ఆ ఆకారానికి ఆనించి, పైకి చూసి కేకేశాడు.

"అమ్మాయ్, లేచావా? లేస్తే వచ్చి ఈ బకెట్ తీసిపెట్టు. నా మోకాళ్లు నిచ్చెన ఎక్కమంటే మొరాయిస్తున్నాయి."

అది అంజూర చెట్టు. క్లీవ్‌లాండ్ చలికి చచ్చిపోకుండా చలికాలం ముందు దాన్ని అలా కప్పిపెట్టి, ఏప్రిల్‌లో విప్పుతాడాయన. ఆ రోజు ఇద్దరూ కలిసి తాళ్లు విప్పారు, తివాచీలు దులిపారు. లోపల బూడిదరంగు కొమ్మలు ఎండిపోయినట్టే ఉన్నా, నున్సియో గోటితో గీరితే లోపల పచ్చగా కనబడి, తెల్లటి పాలు కారాయి. ఆయన మొహం విప్పారింది.

సిగ్నీ హాల్వర్సన్‌ది నార్త్ డకోటాలో గోధుమ చేల మధ్య చిన్న ఊరు. అక్కడి చక్కెర మిల్లులో కొన్నాళ్లు పనిచేసి, మానేసి, వీపున సంచి తగిలించుకుని నగరాలు చూడటానికి బయల్దేరింది. మినియాపొలిస్, మిల్వాకీ, షికాగో అయ్యాయి. కాళ్లు లాగేదాకా నడవడం, ఆకలేస్తే ఏదో ఒకటి తినడం, ఏ పార్కులోనో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూడటం. ఎవరితోనూ పెద్దగా మాటలు కలిపేది కాదు. కలపాలని లేకపోలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలిసేది కాదంతే. నున్సియో ఇంటి మేడమీది గదిలో రెండు రాత్రులుండి పిట్స్‌బర్గ్ మీదుగా ఫిలడెల్ఫియా పోవాలని ఆమె ఆలోచన.

"ఫిలడెల్ఫియానా?" అన్నాడు నున్సియో. చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. "మా అక్క ఉంది అక్కడ, ఫిలోమెనా. దాని పెరట్లోనూ ఇదే చెట్టు. మా అమ్మ ఇటలీలోని కలాబ్రియా నుంచి ఓడలో తెచ్చిన కొమ్మ ఇది. కిందటి చలికాలం అక్క తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది. చెట్టుకి కప్పేవాళ్లు లేరు. చచ్చిపోయింది."

"మరి మీరు ఇంకో మొక్క పంపకపోయారా?"

"పార్సిల్లో పంపుతానన్నాను. 'అమ్మ తెచ్చిన కొమ్మని శవాన్ని పంపినట్టు పెట్టెలో పెట్టి పంపుతావురా?' అని ఫోన్ పెట్టేసింది. నన్ను తెమ్మంటుంది. ఈ మోకాళ్లతో ఎలా పోను?"

మర్నాడు సిగ్నీ బయల్దేరేసరికి మేడమెట్ల దగ్గర, అక్క కోసం ఇంట్లో కుండీలో పెంచిన మూరెడు మొక్క, వేళ్లకి గోనెగుడ్డ చుట్టుకుని ఎదురుచూస్తోంది. నున్సియో ఏమీ అడగలేదు. అక్క చిరునామా రాసిన కాగితం పట్టుకుని, పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. సిగ్నీకి నవ్వొచ్చింది. సంచి పైభాగంలో బట్టలు కిందికి నొక్కి, మొక్కను నిలువుగా దూర్చింది. తల వెనకాల రెండు లేతాకులు ఊగుతున్నాయి.

అక్కణ్ణుంచి జనం ఆమెతో మాట్లాడటం మొదలుపెట్టారు. బస్సులో పక్కసీటాయన "ఇదేం మొక్క? కాయలు కాస్తుందా?" అని మొదలుపెట్టి తన ద్రాక్షతీగ సంగతంతా చెప్పాడు. డ్రైవరు దాన్ని సామాన్ల అరలో పెట్టమన్నాడు గానీ, ముందు వరుసలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు ఊరుకోలేదు. "పాపం ఉక్కిరిబిక్కిరి అయిపోతుందయ్యా, పిల్ల ఒళ్లో పెట్టుకుంటుందిలే" అని ఆయన్ని ఒప్పించారు. ఇన్ని వారాల్లో మాట్లాడనన్ని మాటలు సిగ్నీ ఆ ఒక్క ప్రయాణంలో మాట్లాడింది.

పిట్స్‌బర్గ్‌లో దిగేసరికి సన్నగా వాన పడుతోంది. అక్కడి కొండవాలు వీధులకు రోడ్డు బదులు మెట్లే ఉంటాయని విని, చూడాలని ఎక్కింది. సగం దూరంలో తడిచెక్క మీద కాలు జారింది. వెనక్కి పడింది. లేచి చూసుకుంటే మోచెయ్యి గీరుకుపోయింది. మొక్క మధ్యకి విరిగింది.

విరిగిన ముక్క పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏమ్మా, ఎముకేమైనా విరిగిందా, చెట్టొక్కటేనా?"

పక్కింటి అరుగు మీద ఊదారంగు స్వెట్టరులో ఒక నల్లజాతి పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు వెర్నెల్. చాలా ఏళ్లు స్కూలు బస్సు నడిపి మానేసిందట.

"చెట్టొక్కటేనండీ. కానీ అది నాది కాదు."

"పైకి రా ముందు. వానలో కూర్చుంటే అతుక్కుంటుందా?"

ఆవిడ మోచేతికి మందు రాసి, తువ్వాలిచ్చి, కథంతా చెప్పించుకుంది. తర్వాత విరిగిన కొసను తడి కాగితంలో చుట్టి, ఒక కాఫీ డబ్బాలో మట్టి వేసి గుచ్చింది.

"బతుకుతుందాండీ?"

"నాకేం తెలుసు? మా జెరేనియం కొమ్మలైతే బతుకుతాయి. ఇది ఆ ఇటలీ వాళ్ల చెట్టు, దానికెంత పొగరుందో. ముందు ఆ ముసలాయనకి ఫోన్ చెయ్యి."

"రేపు చేస్తాను."

"రేపటికి చెప్పడం ఇంకా కష్టమవుతుంది. ఇప్పుడే చెయ్యి."

సిగ్నీ ఫోన్ చేసింది. సంగతంతా చెప్పింది.

"నీకు దెబ్బ తగిలిందా?" అన్నాడు నున్సియో.

"లేదండీ. కాస్త గీరుకుంది."

"వేళ్లున్నాయిగా? వేళ్లున్నది అక్కకివ్వు. కొస ఆవిడ దగ్గరే ఉంచు. మా అమ్మ కొమ్మ పిట్స్‌బర్గ్‌లో కూడా ఉంటే మాత్రం తప్పేముంది? పెద్దకాయలు కాస్తాయని చెప్పు ఆవిడకి."

ఆ పూట వెర్నెల్ ఆమెను కదలనివ్వలేదు. మాకరోనీ, ఆకుకూర పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. మర్నాడు తానే కారులో బస్సు దగ్గర దింపింది. దారి పొడుగునా తన బస్సెక్కిన అల్లరి పిల్లల కబుర్లే.

దక్షిణ ఫిలడెల్ఫియాలో ఒకదానికొకటి అంటుకున్న ఇళ్ల వరుసలో ఫిలోమెనా తలుపు తీసింది. చేతికర్ర మీద ఆనుకుని సిగ్నీని చూసింది, మొక్కను చూసింది.

"వాడి దగ్గర అంత చెట్టుంది. నాకు పుల్ల పంపాడా?"

"విరగ్గొట్టింది నేనండీ. ఆయన మంచి మొక్కే ఇచ్చారు."

"వాణ్ణి వెనకేసుకు రాకు. అప్పుడే నిన్ను బుట్టలో వేసుకున్నాడన్నమాట. తిన్నావా?"

చిక్కుడుగింజలు వేసిన పాస్తా తిన్నాక ఇద్దరూ పెరట్లోకి వెళ్లారు. పెరడంటే నాలుగు గోడల మధ్య సిమెంటు నేల, మూలన కాస్త మట్టి. ఆ మట్టిలోనే పాత చెట్టు మొదలు నల్లగా ఉంది. పైభాగం పొరుగింటివాళ్లు కోసేశారు. ఫిలోమెనా కుర్చీ వేయించుకుని పార చూపించింది.

"దాన్ని పెకలించు. కొత్తదాన్ని అక్కడే పెడదాం."

సిగ్నీ తవ్వింది. మట్టి గట్టిగా ఉంది. చెమట పట్టి కోటు విప్పేసింది. వేరు పక్కన మట్టి లాగుతుంటే చేతికి మెత్తగా ఏదో తగిలింది. వంగి చూసింది. మట్టిలోంచి వేలంత పొడుగు మొలక, కొసన ముడుచుకున్న ఆకు.

"ఒక్కసారి ఇలా రండి."

ఫిలోమెనా కర్ర ఊతంతో వచ్చి వంగింది. చాలాసేపు లేవలేదు. తర్వాత గోడ పట్టుకుని నిలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"చావలేదే ముండ. నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఇది మట్టిలో పడుకుని ఉంది."

"మరి ఈ మొక్కనేం చెయ్యమంటారు?"

"పూడ్చెయ్ ముందు ఆ వేరు. నెమ్మదిగా. వాడు పంపిందాన్ని ఆ గోడవైపు నాటు. రెంటికీ చోటుంది."

నాటడం అయ్యాక తమ్ముడికి ఫోన్ చేసింది. పాత చెట్టు మాటే ఎత్తలేదు. "ఒరే, నువ్వు పంపిన పుల్ల చేరింది. ఆఁ, బాగానే ఉంది. నీళ్లు పోశాను, నాకు తెలీదా? నువ్వు నాకు నేర్పుతావా?" అని చాలాసేపు పోట్లాడింది. ఫోన్ పెట్టేసి సిగ్నీ వైపు తిరిగింది.

"పాతది బతికిందని చెప్తే వాడి మొహం ఇంత చిన్నదవుతుంది. కాయలు కాశాక చెప్తాలే. నువ్వు ఎప్పుడు పోతావు?"

"రేపు బాల్టిమోర్ పోదామనుకున్నానండీ."

"బాల్టిమోర్ ఎక్కడికీ పోదు. ఆదివారం దాకా ఉండు. మాంసం ఉండలు చేస్తాను."

సిగ్నీ ఉండిపోయింది. శనివారం ఇద్దరూ సంతకి వెళ్లారు. ఫిలోమెనా ప్రతి కొట్టు దగ్గరా ఆగి జున్ను వాసన చూసి, బాగాలేదని మొహం మీదే చెప్పి, చివరికి అక్కడే కొంది. ఆదివారం పొరుగువాళ్లు పేకాటకి వచ్చారు. సిగ్నీకి ఆట నేర్పి, తర్వాత ఆమె మోసం చేస్తోందని గొడవపెట్టారు. ఆమె నిజంగానే మోసం చేస్తోంది. ఫిలోమెనాయే బల్లకింద ముక్కలు అందిస్తోంది మరి.

భోజనాలయ్యాక సిగ్నీ ముందుగదిలో సోఫా మీద ఒరిగింది. కిటికీ తెరిచే ఉంది. వీధిలో ఎవరో కారు కడుగుతూ రేడియోలో బేస్‌బాల్ ఆట వింటున్నారు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వస్తోంది. లేచి సాయం చెయ్యాలనుకుంది. అనుకుంటూ ఉండగానే నిద్రపట్టేసింది.