డిస్కు లోపలి వైపు

అమ్మాయికి నెలలు నిండాయి. అల్లుడు సరుకుల ఓడ మీద ఉన్నాడు, ఇప్పట్లో రాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి నా కారే దిక్కు. అది పద్నాలుగు నెలలుగా గుడ్డ కింద కదలకుండా ఉంది. స్టార్టు చేసి చూస్తే వెనక బ్రేకులు కీచుమన్నాయి. తుప్పనుకున్నాను. కొత్త బ్రేకు డిస్కులు, వాటిని నొక్కే ప్యాడ్లు తెచ్చి, ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు జాకీ ఎక్కించాను.

మెకానిక్ షాపుకి ఇవ్వలేదు. దగ్గర్లో ఉన్న షాపు నా బావమరిదిది. వాడితో నాకు మాటల్లేవు.

పద్నాలుగు నెలల కిందట నా భార్యకు గుండెలో నొప్పి వచ్చింది. నేను పనిలో ఉన్నాను. వాడు ఆమెను ఇదే కారులో ఎక్కించుకుని, వీధి చివరి మలుపులో ఆపేసి, బ్రేకు బాగాలేదని అంబులెన్సుకు ఫోను చేశాడు. అది వచ్చేసరికి ముప్పావు గంట. అప్పటికే ఆమె పోయింది.

మర్నాడు నేను చక్రం ఊచల సందులోంచి చూశాను. డిస్కు అద్దంలా ఉంది. శవం ఇంట్లో ఉండగానే, అందరి ముందూ వాణ్ణి పిరికివెధవ అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. తప్పు చేసినవాడు ఏం మాట్లాడతాడు?

చక్రం ఊడింది. డిస్కును అటూ ఇటూ పట్టే క్యాలిపర్ విప్పి తీగకు వేలాడదీశాను. డిస్కు మాత్రం రాలేదు. నూనె పోశాను. సుత్తితో గంటసేపు బాదాను. భుజం పడిపోయింది కానీ అది కదల్లేదు.

అమ్మాయి నడుం మీద చెయ్యి వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నాన్నా, మావయ్యని పిలవనా?"

"వాడి పేరెత్తకు."

"పేరెత్తలేదుగా, మావయ్య అన్నాను. అయినా అప్పుడే పిలిచేశాను."

వాడు వచ్చాడు. వంగి చూశాడు.

"సుత్తి పక్కన పెట్టు బావా. హ్యాండ్‌బ్రేకు దించావా? లాగి ఉంటే అది లోపల్నుంచి డిస్కును పట్టుకునే ఉంటుంది."

కారు లోపలికి చూశాను. లాగే ఉంది.

"బల్లపరుపు నేల మీద కూడా అది లాగేది మా అక్కొక్కతే."

నిజమే. ఆమె బతికున్నప్పుడు ఆ అలవాటును వెక్కిరించేవాణ్ణి. పొద్దున కారు దిగేటప్పుడు నా చెయ్యి దానంతటదే లాగేసింది. వాడు లోపలికి వంగి దించాడు. ఒక్క దెబ్బకి డిస్కు చేతిలోకి వచ్చింది.

తిరగేశాను.

బయటి వైపు పలచటి తుప్పు, అంతే. లోపలి వైపు నాగలి దున్నినట్టు చాళ్ళు. అటువైపు బ్రేకు ప్యాడు అరిగిపోయి ఒట్టి ఇనుము మిగిలింది. ఆ ఇనుమే డిస్కును తినేసింది. చాళ్ళ లోపల కూడా తుప్పు. అంటే కారుకు గుడ్డ కప్పకముందే అవి ఉన్నాయి.

వెనకాల గరగరమంటోందని ఆమె రెండుసార్లు చెప్పింది. రేడియో గట్టిగా పెట్టుకోమన్నాను.

వాడూ డిస్కునే చూస్తున్నాడు. చూపు నా వైపు తిప్పలేదు.

"ఆ రోజు మలుపులో ఏం జరిగింది?" అని అడిగాను. అదే మొదటిసారి అడగడం.

"బ్రేకు తొక్కితే బండి పక్కకి లాగేసింది. బస్సు కోసం నిలబడ్డ జనం మీదికి. జానెడు దూరంలో ఆగింది." వేలితో చాలు తడిమి అన్నాడు, "ఇంక ఆపెయ్యరా అని అక్కే అంది."

పానా వాడి చేతిలో పెట్టాను.

"ఎడమ చక్రం నువ్వు విప్పు."

"నువ్వు బిగించింది కూడా నేనే చూస్తాను."

"చూడు."

కొత్త డిస్కుల మీది నూనె తుడిచి, కొత్త ప్యాడ్లతో సహా ఎక్కించాం. బ్రేకు పెడలు గట్టిపడేదాకా వాడు తొక్కాడు. వీధి చివరి దాకా తీసుకెళ్ళి, మలుపు తిరిగి, వెనక్కి వచ్చాడు. దిగేముందు హ్యాండ్‌బ్రేకు లాగిన చప్పుడు వినిపించింది.

తాళాలు ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు.

"నీ దగ్గరే ఉంచు. నొప్పులొస్తే అమ్మాయి నీకే ఫోను చేస్తుంది."

"మరి నువ్వు?"

"వెనక కూర్చుంటాను."