పాలు లేని బలం

కాశీకి పోయినవాళ్లు కాకరకాయో పొట్లకాయో వదిలి వస్తారు. తులసమ్మ పాలు, పెరుగు వదిలి వచ్చింది. ఇష్టమైనది వదిలితేనే కదా వదిలినట్టు అంది. ఆమె భర్త కాశీవిశ్వనాథం అప్పుడు నవ్వాడు. మరుసటేడు ఆమెకు క్షయ అని తేలినప్పుడు ఆ నవ్వు పోయింది.

"పాలు ముట్టరు, గుడ్డు తినరు. పప్పులు, వేరుశెనగలైనా బాగా పెట్టండి. తిండి లేకుండా మందు ఒక్కటే ఏం చేస్తుంది?" అన్నాడు మార్కాపురం డాక్టరు.

తన బట్టల దుకాణం మూసి కాశీవిశ్వనాథమే పెసర జావ కాచాడు. ఉలవకట్టు పెట్టాడు. నోరు మంటని ఆమె గిన్నె తోసేసింది.

అప్పుడు వచ్చాడు ఫణికృష్ణ. తులసమ్మ అన్న కొడుకు. తల్లి పోతే ఆమే పెంచింది. ఇప్పుడు గిద్దలూరులో పాలు లేని ఐస్‌క్రీమ్ చేసి అమ్ముతున్నాడు. పెట్టె నిండా కప్పులు తెచ్చాడు.

"నీ కాశీ నియమం చెడదు అత్తా. అంతా శనక్కాయల పాలే. ఒక్క కప్పు తింటే గ్లాసెడు పాలు తాగినట్టే."

చల్లగా గొంతు దిగింది. రెండు పూటలా అదే తిండి అయింది. కాశీవిశ్వనాథం జావ కాచడం మానేశాడు. పెంచిన బిడ్డ ఆదుకున్నాడని నలుగురికీ చెప్పుకున్నాడు.

ఆమె జాకెట్లు వదులయ్యాయి. ఆసుపత్రిలో తూచిన ప్రతిసారీ బరువు తగ్గింది. ఏం పెడుతున్నారని డాక్టరు అడిగితే చెప్పాడు.

"అది దేంతో చేస్తారో చూశారా?"

చూడలేదు. ఆ రోజే గిద్దలూరు బస్సెక్కాడు. ఫణికృష్ణ దుకాణం వెనక రేకుల షెడ్డు. పామాయిల్ డబ్బాలు, చక్కెర బస్తాలు, చిక్కదనానికి వేసే తెల్లపొడి. వేరుశెనగ పొట్టు కూడా కనబడలేదు.

"శనక్కాయలేవిరా?"

"మొదట్లో వేసినాం మామా. కమురు వాసన వస్తాందని మానేసినాం."

"మరి దీంట్లో బలమేంది?"

ఫణికృష్ణ మూత పెట్టిన డబ్బాకు మళ్లీ మూత నొక్కాడు. "పాలు లేవన్నది నిజమే కదా మామా. అత్త కూడా ఇష్టంగానే తింటాండాది."

"మీ అత్త ఎండిపోతాంది. అది నీకు కనబడలా?"

ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పాడు. ఆమె ఉలిక్కిపడలేదు.

"నాకు తెలుసులే. శనక్కాయ రుచి ఎరగనా?"

"తెలిసీ తిన్నావా?"

"వాడు ఆశగా తెచ్చినాడు. వద్దంటే నలుగురికీ తెలుస్తాది, వాని వ్యాపారం పోతాది. నువ్వు ఎవరికీ చెప్పబాక."

"నా సంసారం పోతే?"

ఆమె చెయ్యి చాపింది, మాటివ్వమని. ఆయన లేచి పోయి పొయ్యి వెలిగించాడు. జావ కాచి తెచ్చాడు. అప్పటికే రెండు గుక్కలకు మించి దిగని స్థితి.

తులసమ్మ పోయింది. పాడె పట్టడానికి ఫణికృష్ణ భుజం వంచాడు. కాశీవిశ్వనాథం అతన్ని పక్కకు తోసి, ఆ కొమ్ము కింద పొరుగింటి గోవర్ధన్‌ను నిలబెట్టాడు. బంధువులు ఎందుకని అడిగారు. ఆయన చెప్పలేదు. ఆమె అడిగినదాంట్లో అంతవరకే ఇవ్వగలిగాడు.