తొలిమంచు పందెం

హఫీజా కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేత్తో పష్మీనా ఉన్నిలోంచి దారం లాగుతోంది. చెవులు మాత్రం వంటగదిలో ఉన్నాయి. అక్కడ కాగితం నలుగుతున్న చప్పుడు. ఆ వెనకే ఎనిమిదేళ్ల మస్రత్ అణచుకోలేని నవ్వు.

రాత్రి మొదటి మంచు పడింది. వాకిట్లో, గోడ మీద, కోళ్లగూటి కప్పు మీద జానెడు మందాన పేరుకుంది. ఇలాంటి రోజున పిడికెడు మంచును కాగితంలో చుట్టి, ఇంకేదో వస్తువన్నట్టు ఎవరి చేతిలోనైనా పెట్టాలి. అనుమానించకుండా అందుకున్నవాళ్లు ఓడినట్టు. విందు వాళ్లే ఇవ్వాలి. అందుకే ఆ రోజు ఊళ్లో ఎవరూ ఎవరి చేతి నుంచీ ఊరికే ఏదీ తీసుకోరు.

హఫీజా మాత్రం తీసుకోవడానికే తెల్లవారినప్పటి నుంచీ కాచుకుని కూర్చుంది. కూతురు ఏమిచ్చినా అందుకోవాలి. ఓడిపోవాలి. అయ్యో మోసం చేశావే అని లబలబలాడాలి. ఆ మాట ఎలా అనాలో లోలోపల అని కూడా చూసుకుంది.

ఉన్ని రాపిడికి ఆమె వేలికొసలు అరిగి నున్నబడ్డాయి. కిటికీ వెలుగు పడే వైపు కంటి కింద ముడతలు ఎక్కువ. భర్త నజీర్ చలికాలమంతా శాలువాల మూటతో కలకత్తా వీధుల్లో తిరుగుతాడు. బడికి మంచు సెలవులు. ఇంట్లో మిగిలేది తను, మస్రత్, నజీర్ అక్క తాజా. తాజా భర్త పోయి, పిల్లలు లేక, పుట్టింటికి చేరిన మనిషి. హఫీజా రాట్నం ఆపితే పొయ్యి ఆగుతుంది. అందుకే పిల్లకు స్నానం, జడ, కథలు అన్నీ తాజా చేతికే పోయాయి. రాత్రి పడక కూడా ఆమె రజాయిలోనే. జ్వరం వచ్చినప్పుడు పిల్ల పలవరించేది అమ్మీ అని కాదు, పుఫీ అని, మేనత్తనే. అది విన్న రాత్రి నుంచి హఫీజా ఆ పిలుపును లెక్కపెడుతూనే ఉంది.

వంటగది తెర కదిలింది. మస్రత్ పొట్లం పట్టుకుని వచ్చింది. హఫీజా చెయ్యి చాపినంత పని చేసింది. పిల్ల ఆమె పక్కనుంచే నడిచి, మూలన కూర్చున్న మేనత్త ముందు నిలబడింది.

"పుఫీ, పక్కింటివాళ్లు ఖర్జూరాలు పంపారు."

పొట్లం అడుగు నుంచి నీళ్లు కారుతున్నా చూడనట్టే తాజా అందుకుంది, విప్పింది, గుండెలు బాదుకుంది. పిల్ల చాప మీద పడి దొర్లింది. విందుకి మాంసం మెత్తగా ఉడికించిన హరీసా వండి పెట్టాల్సిందేనని పట్టుబట్టింది.

"పెడతానే దొంగమొహమా. నీ పెళ్లికి."

హఫీజా తేలిగ్గా అడుగుదామనుకుంది. మాట కరుగ్గా వచ్చింది. "నన్నెందుకు మోసం చెయ్యలేదే?"

మస్రత్ దొర్లడం ఆపింది. "నువ్వు చాప తడిపానని తిడతావు అమ్మీ."

ఆ క్షణంలో హఫీజా చూస్తున్నది చాప మీది తడినే.

క్రితం వారం ఆమె శ్రీనగర్‌లోని మరిది ఇర్షాద్‌కు ఫోను చేసింది. మీ ఇంట్లో నేల వెచ్చగా ఉండే హమామ్ గది ఉంది కదా, తాజా ఆపా మోకాళ్లు ఇక్కడి చలికి ఆగవు, తీసుకెళ్లమంది. మోకాళ్ల మాట నిజమే. ఫోను చేసింది మాత్రం అందుకు కాదు. చేసినందుకు ఇన్నాళ్లూ మనసు పీకింది. ఇప్పుడు ఆ పీకుడు కూడా ఆగిపోయింది.

మధ్యాహ్నం జీపు వచ్చింది. రోడ్డు మూసేస్తారని ఇర్షాద్ తొందరపెట్టాడు. మస్రత్ సందు చివర పిల్లలతో మంచులో జారుతోంది. పిలవబోతే తాజా వద్దంది, ఏడుస్తుందని.

తాజా గుమ్మంలో ఆగి, గోడ పట్టుకుని బూట్లు తొడుక్కుంది. "నువ్వు ఫోను చేశావని వీడు చెప్పాడు. మంచి పనే చేశావు."

ఆమె ముఖంలో నిష్ఠూరం ఏదైనా ఉందేమోనని హఫీజా వెతికింది. దొరకలేదు. తాజా ఫెరన్ అంగీ లోపలి నుంచి చిన్న గుడ్డమూట తీసి ఆమెకు అందించింది.

హఫీజా చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఇవాళ మీ చేతి నుంచి నేనేమీ తీసుకోను ఆపా. పిల్లని గెలుచుకున్నారు, చాలదా? నన్నూ ఓడించి పోదామనా?"

తాజా ఆమెను తేరిపార చూసింది. మంచు కాదని చెప్పలేదు. ఈ రోజు మంచు చేతిలో పెట్టే ప్రతివాళ్లూ చెప్పేది అదే. మూటను గోడ గూట్లో పెట్టి, ఇర్షాద్ భుజం పట్టుకుని వాకిలి దాటింది. జీపు మలుపు తిరిగింది.

ఇక ఇల్లంతా హఫీజాదే. పిల్ల వస్తుంది. ఆకలేస్తుంది. తన దగ్గరికి రాక తప్పదు. అలా అనుకుంటూనే గూటి వైపు చూస్తూ కూర్చుంది, మూట ఎప్పుడు కారుతుందా అని. ఎంతసేపటికీ చుక్క రాలలేదు.

లేచి వెళ్లి విప్పింది. మస్రత్ పాదానికి సరిపోయే ఉన్ని మేజోళ్లు. ఒకటి పూర్తయింది. రెండోదానికి ఉన్ని ఉండ అలాగే వేలాడుతోంది.

వాకిట్లోంచి పిల్ల గొంతు వినిపించింది. "పుఫీ, కాళ్లు కొంకర్లు పోతున్నాయి."

హఫీజా గుమ్మం వైపు తిరిగింది. ఆమె అరచేతిలో, నాలుగు అల్లిక సూదుల మధ్య, మడమ దాకా వచ్చి ఆగిన మేజోడు. ఒక్క కుట్టూ జారలేదు, అల్లిక అక్కడి నుంచి అందుకుంటే చాలు.